తత్వశాస్త్ర పరిచయం పేపరు పూర్తిగా ఆన్‌లైన్‌లో చెప్తున్నాను. పిల్లల చేత మాట్లాడించడం ఎలా?

నాగావళి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయనగరం వైపు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. ఈ సెమిస్టర్‌లో తత్వశాస్త్ర పరిచయం పేపరు నాకిచ్చారు. పదిహేను వారాలు, పూర్తిగా ఆన్‌లైన్. మూడు కాలేజీల పిల్లల్ని కలిపి ఒకే క్లాసు చేశారు, మొత్తం 72 మంది. వాళ్లలో ఒక్కరిని కూడా నేను ఎదురుగా చూడలేదు, ఇక చూడను కూడా. ఫిలాసఫీ మీద ఇష్టంతో తీసుకున్నవాళ్లు తక్కువ, టైంటేబుల్లో కుదిరి తీసుకున్నవాళ్లు ఎక్కువ. అది తప్పని అనను. నేనూ ఒకప్పుడు అలా వచ్చినదాన్నే.

నాలుగు వారాలయింది. స్లైడ్లు చేసుకుని గూగుల్ మీట్‌లో గంటసేపు చెప్తున్నాను. కెమెరాలన్నీ ఆఫ్. "వినపడుతోందా?" అంటే చాట్‌లో పది "ఎస్ మేడమ్"లు వస్తాయి. "అర్థమైందా?" అన్నా అవే పది. "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అంటే మాత్రం ఒక్కరూ పలకరు.

మూడో వారం ప్రమాణాలు చెప్పాను, అంటే మనకి జ్ఞానం కలిగే దారులు. ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలిసేది), అనుమానం, ఉపమానం (పోలికతో తెలిసేది), శబ్దం (నమ్మదగినవాళ్ల మాటతో తెలిసేది). హేతువు (దేన్ని పట్టుకుని తెలుసుకుంటామో ఆ గుర్తు), వ్యాప్తి (ఇది ఉన్నచోటల్లా అది ఉంటుందనే నియమం) అన్నీ ఓపిగ్గా చెప్పాననే అనుకున్నాను. తర్వాత "మీ జీవితంలోంచి అనుమాన ప్రమాణానికి ఒక ఉదాహరణ రాయండి" అని అసైన్‌మెంట్ ఇచ్చాను. 19 మంది ఏం రాశారంటే, "మా తమ్ముడు నా పర్సులో డబ్బులు తీశాడని నాకు అనుమానం వచ్చింది", "మా పక్కింటివాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారని మా అమ్మకి అనుమానం". అంటే గంటసేపు నేను "అనుమానం, అనుమానం" అంటుంటే వాళ్ల చెవిన పడింది సందేహం. శాస్త్రంలో ఆ మాటకి అర్థం దాదాపు దానికి ఎదురు: ఒక గుర్తుని పట్టుకుని, కంటికి కనపడనిదాన్ని ఖాయంగా తెలుసుకోవడం. ఎదురుగా కూర్చుని ఉంటే మొదటి రెండు నిమిషాల్లోనే ముఖాలు చూసి పోల్చుకునేదాన్ని. ఇక్కడ రెండు వారాలు పట్టింది.

మిగతావాటిలో ముప్పైకి పైగా అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. "అనుమానం అనేది జ్ఞానమీమాంసలో కీలక పాత్ర పోషిస్తుంది" అని మొదలై, మూడు పేరాలు నడిచి, ఎక్కడా ఒక మనిషి కనపడకుండా ముగిశాయి. చాట్‌జీపీటీని అడిగి అతికించారు. పిల్లల మీద నాకు కోపం లేదు. యంత్రం కూడా రాసిపెట్టగలిగే ప్రశ్న ఇచ్చింది నేనే కదా.

మా గురువుగారు క్లాసులో ఒక ప్రశ్న వేసి, సుద్దముక్క చేతిలో పట్టుకుని, మాలో ఎవరో ఒకరు నోరు తెరిచేదాకా అలా నిలబడేవారు. ఒక్కోసారి పది నిమిషాలు. నేను ఫిలాసఫీలో ఉండిపోయింది ఆ పది నిమిషాల వల్లే. ఆన్‌లైన్‌లో నేను పది సెకన్లు ఊరుకుంటే చాలు, "మేడమ్, మీ నెట్ పోయిందా?" అని మెసేజ్ వస్తోంది.

పిల్లలకి అర్థమవుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి? ముఖం కనపడని మనిషి చేత మాట్లాడించడం ఎలా? మార్కులు దేనికి వెయ్యాలి? అసలు ఈ పేపరు ఇలా చెప్పడం కుదిరే పనేనా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంకా పదకొండు వారాలున్నాయి.

తెనాలి మాస్టారు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముప్పై రెండేళ్లు గదిలో చెప్పాను, రిటైరయ్యే ముందు మూడేళ్లు ఆన్‌లైన్‌లో చెప్పాను. కుదురుతుంది. కానీ మీరిప్పుడు చేస్తున్న పద్ధతిలో కుదరదు, ఎందుకంటే అదే పద్ధతిలో నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక, జూన్ నుంచి నేను వీడియోలు తీయడం మొదలుపెట్టాను. పుస్తకాల దొంతర మీద మా అబ్బాయి పాత ఫోను నిలబెట్టి 41 వీడియోలు తీశాను. ఒక్కొక్కటి 50 నిమిషాలు. సిలబస్‌లో ఒక్క ముక్క వదల్లేదు. మొదటి వీడియో 66 మంది చూశారు. తొమ్మిదోది ఏడుగురు చూశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్లేటో రాసిన ఫీడ్రస్ అనే సంభాషణలో సోక్రటీస్ ఒక మాట అంటాడు. రాసిన మాట బొమ్మ లాంటిది, ప్రాణంతో ఉన్నట్టే కనపడుతుంది, ఏదైనా అడిగితే మాత్రం నోరు విప్పదు అని. ఆ మాట ఇన్నేళ్లుగా పిల్లలకి చెప్పినవాణ్ని నేను. చెప్పి చెప్పి, చివరికి అడిగితే పలకని బొమ్మలు 41 తయారుచేశాను. లోపం ఇంటర్నెట్‌ది కాదు. గదిలో ఉన్నప్పుడు నా పాఠాన్ని నడిపించింది నా ఉపన్యాసం అనుకున్నాను. నిజానికి నడిపించింది పిల్లలు మధ్యలో అడ్డుపడటం. ఆన్‌లైన్‌కి వచ్చినప్పుడు ఉపన్యాసాన్ని భద్రంగా మోసుకొచ్చి, ఆ అడ్డుపడటాన్ని గుమ్మం దగ్గర వదిలేసి వచ్చాను.

రెండో సెమిస్టర్‌లో జరిగిన ఒక సంగతి చెప్తాను. లైవ్ క్లాసులో మీరు చెప్పిన అనుమానమే చెప్తున్నాను. కొండ మీద పొగ కనపడుతోంది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగ. తరతరాలుగా చెప్తున్న ఉదాహరణే. ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి మ్యూట్ తీసి, "సార్, మా వంటింట్లో పొగ లేదండీ" అంది. గదిలో అయితే "సరేలేమ్మా, పూర్వం ఉండేది" అని దాటేసేవాణ్ని. కానీ ఆ అమ్మాయి నిజంగానే వంటింట్లో కూర్చుని ఉంది. అభ్యంతరం లేకపోతే చూపించమన్నాను. ఫోను అటు తిప్పింది. గ్యాస్ పొయ్యి మీద నీలం మంట, దాని మీద పప్పు గిన్నె. "మంట ఉంది, పొగ లేదు. మరి మీరు చెప్పింది తప్పు కదండీ?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేదు. "ఆ అమ్మాయి కొట్టేసింది నేనన్న మాటనా, నేననని మాటనా?" అని అందరినీ అడిగి ఊరుకున్నాను. నాలుగు నిమిషాలు పట్టింది. చాట్‌లో ఒక కుర్రవాడు ఇలా రాశాడు: "సార్, మీరు పొగ ఉంటే నిప్పు అన్నారు. నిప్పు ఉంటే పొగ అనలేదు." వ్యాప్తి ఏ వైపు నుంచి ఏ వైపుకి నడుస్తుందో దానికదే తేలిపోయింది. దీనికి శాస్త్రంలో చెప్పే ఉదాహరణ కాలిన ఇనుప గుండు, అందులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. మా క్లాసుకి ఇనుప గుండుతో పనిలేకుండా పోయింది.

అంతలో ఆ అమ్మాయి తల్లి గొంతు వినపడింది. అప్పటిదాకా పక్కనే ఉండి వింటున్నట్టుంది. "తడి పుల్లలు పెడితేనే పొగమ్మా. బాగా ఎండిన పుల్లలకి పొగెక్కడిది?" అంది.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. నైయాయికులు, అంటే తర్కం ముఖ్యమైన న్యాయ దర్శనం వాళ్లు, సరిగ్గా ఇదే చెప్పారు. "నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుంది" అనే వ్యాప్తి ఎందుకు నిలవదంటే, పొగకి నిప్పు ఒక్కటే చాలదు, తడి కట్టె కూడా తోడవ్వాలి. ఆ తోడుని వాళ్లు ఉపాధి అన్నారు. ఆర్ద్రేంధన సంయోగం అని దానికి పేరు. ఈ ఉపాధిని మూడు స్లైడ్లు పెట్టి చెప్పినా పిల్లలకి ఎక్కేది కాదు. కట్టెల పొయ్యి ఊదిన మనిషి ఒక్క వాక్యంలో చెప్పింది. "అమ్మగారూ, మీరిప్పుడు అన్నమాట మా పుస్తకంలో ఉందండీ" అన్నాను. ఆ క్లాసు రికార్డింగు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ 41 వీడియోల్లో మాత్రం ఒక్కటి కూడా దాచుకోలేదు.

అందుకని చెప్తున్నాను. మీ పిల్లలు క్లాసు గదిలో లేరు, ఇళ్లలో ఉన్నారు. దాన్ని లోటుగా చూడకండి. మన దర్శనాల్లో ఉదాహరణలన్నీ ఇంటివే. కుండ, బట్ట, తాడు, దీపం, పొయ్యి. అవన్నీ వాళ్ల చేతికందేంత దూరంలో ఉన్నాయి.

ఆ 19 మంది విషయం. వాళ్లది తప్పు కాదమ్మా, వాళ్లు తెలుగు సరిగ్గా విన్నారు. మన భాషలో ఈ మాటలన్నీ వేరే కాపురాలు పెట్టాయి. "మీమాంసలో పడ్డాను" అంటే ఎటూ తేల్చుకోలేకపోతున్నానని. "వేదాంతం మాట్లాడకు" అంటే నిరాశగా మాట్లాడకని. ప్రతిజ్ఞ అనగానే వాళ్లకి గుర్తొచ్చేది 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులో రాసిన "భారతదేశం నా మాతృభూమి". న్యాయ దర్శనంలో ప్రతిజ్ఞ అంటే నేను నిరూపించబోయే మాట ఇదీ అని ముందుగా చెప్పడం. కాబట్టి పాఠానికి ముందురోజే ఆ మాట ఒక్కటి గ్రూపులో పెట్టండి. "మీ ఇంట్లో ఈ మాట ఎప్పుడు వాడతారు? అర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి" అనండి. అవి విన్నాక పాఠం చెప్పండి. వాళ్ల ముఖాలు కనపడకపోయినా, వాళ్ల మనసులో ఏముందో ముందే తెలుస్తుంది.

ఇక మాట్లాడించడం. గంట ఉపన్యాసం మానేయండి. ఎనిమిది నిమిషాలకి మించకుండా ఆడియో చేసి వాట్సాప్‌లో పెట్టండి. పిల్లల్ని ఆరుగురు చొప్పున విడదీయండి, మీకు 12 గ్రూపులవుతాయి. వారం మొదట్లో ప్రతివాళ్లూ ఒక మాట అంటారు, అది ఎందుకు నిజమో రెండు మూడు వాక్యాల్లో చెప్తారు. తర్వాత ఒకరి మాట ఇంకొకరికి ఇవ్వండి. తీసుకున్నవాళ్లు ముందుగా ఆ మాటని తమ సొంత మాటల్లో చెప్పాలి, మొదటివాళ్లు "అవును, నేనన్నది ఇదే" అనేదాకా. అలా అన్నాకే ఆక్షేపణ పెట్టాలి. మొదటివాళ్లు దానికి సమాధానం చెప్పాలి, లేదా తమ మాట మార్చుకోవాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాళ్ల వాదాన్ని, దాని సొంతదారుకన్నా బాగా చెప్పి, ఆ తర్వాతే ఖండించమని మన పెద్దలు పెట్టిన క్రమమే. మాట మార్చుకున్నవాళ్లకి మార్కులు తగ్గించకండి. నేనైతే ఎక్కువ వేసేవాణ్ని.

దూరం నుంచి ఫిలాసఫీ ఎలా అనుకోకండి. ఫ్రెంచి తత్వవేత్త దేకార్త్ తన "ధ్యానాలు" అనే పుస్తకం రాతప్రతిని ముందే పండితులకి పంపించి, వాళ్ల ఆక్షేపణలూ తన జవాబులూ కలిపి 1641లో ఒకే పుస్తకంగా అచ్చువేయించాడు. అంతకన్నా నాకిష్టమైనది బొహీమియా రాజకుమారి ఎలిజబెత్ కథ. రాజ్యం పోయి, కుటుంబంతో నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో తలదాచుకున్న ఇరవై నాలుగేళ్ల యువతి. 1643 మే నెలలో దేకార్త్‌కి ఉత్తరం రాసింది. ఆత్మకి ఆకారం లేదు, అది దేన్నీ తాకలేదు అంటున్నారు కదా, మరి శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? అని. వస్తువుల బరువుని ఉదాహరణగా తీసుకుని ఆయన ఏదో చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు, జూన్‌లో మళ్లీ రాసింది. ఆయన 1650లో పోయేదాకా ఆ ఉత్తరాలు నడిచాయి. ఆమె అడిగిన ప్రశ్నకి గట్టి జవాబు ఈరోజుకీ లేదు. గదిలో ఎదురెదురుగా కూర్చుని జరిగిన చదువు కాదది. ఒక ప్రశ్న, దానికి జవాబు, ఆ జవాబు మీద మళ్లీ ప్రశ్న. మీరు 72 మందికీ చేయగలిగింది ఆ మూడో మెట్టే: జవాబు మీద మళ్లీ ఒక ప్రశ్న. అది ఒక్కటి ఉంటే మిగతావి ఎలా ఉన్నా చెల్లుతుంది.

యంత్రం రాసినవాటి గురించి. నిషేధాలు పెట్టి దొంగల్ని పట్టే పని మనకొద్దు. ప్రతి పిల్లనీ, పిల్లవాణ్నీ సెమిస్టర్‌లో రెండుసార్లు ఫోను చేసి ఐదు నిమిషాలు మాట్లాడండి. వాళ్లు రాసింది ముందు పెట్టుకుని, "ఇందులో ఏ వాక్యం తీసేస్తే నీ వాదన కూలిపోతుంది?" అని అడగండి. సొంతంగా రాసినవాళ్లు తడుముకుంటూ అయినా చెప్తారు. అతికించినవాళ్లు రెండోసారికి సొంతంగా రాస్తారు. 72 మందికి ఐదు నిమిషాల చొప్పున ఒక్కో విడతకి ఆరు గంటలు. మూడు వారాలకి పంచితే వారానికి రెండు గంటలు. మీరిప్పుడు స్లైడ్లకి పెడుతున్న సమయం కన్నా తక్కువే అవుతుంది.

మానేరు

మేడం, సార్, నమస్తే. నేను టీచర్ను కాదు. లాక్‌డౌన్ల డిగ్రీ సెకండియర్ ఉంటి, ఇదే పేపర్ ఆన్‌లైన్ల చదివిన. స్టూడెంట్ దిక్కుకెళ్లి ఒక మాట చెప్పాలనిపిచ్చింది.

సార్ చెప్పిన వంటింటి ముచ్చట మంచిగున్నది. కాని అందర్నీ కెమెరా పెట్టుమని అడగకుండ్రి మేడం. మాది ఒకటే అర్ర. అందులనే అమ్మ బీడీలు చేస్తుండేది, నాయిన జెరమొచ్చి పండుకునేది. కెమెరా ఆన్ చేస్తే క్లాసంత మా ఇల్లు చూస్తది. నేను ఆఫ్ పెట్టింది పాఠం ఇష్టం లేక కాదు. మా సారు ఒకసారి కెమెరా పెట్టనోళ్లకు అటెండెన్స్ ఇయ్యనన్నడు. ఆ దినం నేను క్లాసుల నుంచే ఎల్లిపోయిన.

ఇంకొకటి, ఇంట్ల ఒకటే స్మార్ట్‌ఫోన్, నాకూ చెల్లెకూ కలిపి. రోజుకు ఒకటిన్నర జీబీ. పొద్దుగాల ఆమె క్లాసులకే సగం అయిపోయేది. లైవ్‌ల గంట కూసునుడు నాతోటి అయ్యేది కాదు. ఆడియో అయితే రాత్రి దాబా మీదికి పోయి, సిగ్నల్ ఉన్న జాగల నిలబడి దింపుకునేటోన్ని.

ఫోన్ సంగతి మటుకు సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. చార్వాకుల (కండ్లకు కనపడిందే ప్రమాణమన్నోళ్ల) పాఠం చెప్పినప్పుడు నేను గ్రూపుల రాసిన, "కండ్లతోని చూసిందే నమ్ముత, మిగిలింది నమ్మ" అని. మా పేపర్ చెప్పిన ఇంకో సారు మామూలు కాల్ చేసిండు, నెట్ కాల్ కాదు. "మీ తాతకు తండ్రి ఉండెనా?" అన్నడు. ఉండె సార్ అన్న. "చూసినవా?" లేదు. "ఫోటో ఉన్నదా?" లేదు. "మరి ఎట్ల ఎరుక?" నేను ఏం చెప్పలే. సారు గూడ ఏం చెప్పలే, "ఆలోచించి రాయి" అని పెట్టేసిండు. రెండు దినాలు గదే తిరిగింది నా తలకాయల. తాత చెప్తే తెల్సిందా? లేకపోతే పుట్టిన ప్రతి మనిషికి తండ్రి ఉంటడు కాబట్టి తెల్సిందా? మొదటిది శబ్దం, రెండోది అనుమానం. ఈ రెండిట్ల తేడా నాకు గా దినం తెల్సింది, ఇప్పటిదాక మర్చిపోలే. క్లాసుల నలుగురి ముందర అడిగితే నేను నోరు తెరవకపోదును. ఫోన్ల ఎవరూ చూడరు కద మేడం.

పెకాన్ చెట్టు (డల్లాస్ దగ్గర నుంచి)

నాగావళి గారూ, నేనిక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా ఇదే కోర్సు ఆరేళ్లుగా చెప్తున్నాను. మాది లైవ్ క్లాసు కూడా లేని ఆన్‌లైన్. నా విద్యార్థుల్లో రాత్రి డ్యూటీ నర్సులున్నారు, గోదాముల్లో పనిచేసేవాళ్లున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. ఎవరి వీలు వాళ్లది.

ఇక్కడ ప్రభుత్వ విద్యా నిబంధనల్లో ఒక మాట ఉంది. టీచరుకీ విద్యార్థికీ మధ్య క్రమం తప్పకుండా, విషయం మీద నిజమైన మాటామంతీ ఉంటేనే అది దూరవిద్య అవుతుంది. లేకపోతే పోస్టులో పాఠాలు పంపించే కోర్సు కింద లెక్క. 2021 జూలై నుంచి ఆ మాటకి అర్థం ఇంకా వివరంగా రాశారు. ఏదో ఆఫీసు గొడవ అని మొదట్లో పట్టించుకోలేదు. ఇప్పుడు మాస్టారు రాసింది చదువుతుంటే, ఆ నిబంధన వెనక ఉన్నది కూడా "జవాబు మీద మళ్లీ ఒక ప్రశ్న" అనే అనిపిస్తోంది.

ఒక హెచ్చరిక. "ఒక పోస్టు పెట్టండి, ఇద్దరికి జవాబివ్వండి" అనే పద్ధతి ఇక్కడ అందరూ వాడతారు. నేనూ వాడాను. "చాలా బాగా చెప్పావు, నేనూ అలాగే అనుకుంటున్నాను" అనే మాటలు వందల్లో వచ్చాయి. తమ పోస్టు పెట్టేదాకా మిగతావాళ్లవి కనపడకుండా చేశాను. దాంతో కొంత మారింది. అసలైన మార్పు మాత్రం ప్రశ్న మార్చాక వచ్చింది. అందరూ ఒకే జవాబు చెప్పగలిగే ప్రశ్న అడిగితే చర్చ పుట్టదు.

మీరు ప్రమాణాల దగ్గరే ఉన్నారు కాబట్టి, నా దగ్గర ఎప్పుడూ తప్పని ప్రశ్న ఒకటిస్తాను. ఎనిమిదో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడి ఉదాహరణ అది. మాంసం కాల్చడానికి ఎవరో అప్పుడే నిప్పు రాజేశారు. పొగ ఇంకా లేవలేదు. మాంసం వాసనకి మాత్రం ఈగలు గుంపుగా చేరాయి. దూరం నుంచి చూసినవాడు ఆ నల్లటి గుంపుని పొగ అనుకుని, "అక్కడ నిప్పుంది" అన్నాడు. నిప్పు నిజంగానే ఉంది. అతను నమ్మాడు, అతని దగ్గర కారణమూ ఉంది, నమ్మింది నిజం కూడా. మరి అక్కడ నిప్పుందని అతనికి తెలుసా? 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడే మూడు పేజీల వ్యాసంతో పాశ్చాత్య జ్ఞానమీమాంసని (తెలియడం అంటే ఏమిటో పరిశీలించే శాఖని) కుదిపేసింది ఇలాంటి ఉదాహరణలతోనే. మా క్లాసు ప్రతిసారీ దీని దగ్గర రెండుగా చీలిపోతుంది. ఒక నర్సు, రాత్రి రెండింటికి బ్రేక్‌లో కూర్చుని, మానిటర్ తప్పు చూపించినా రోగి పరిస్థితి మాత్రం నిజంగానే అలా ఉన్న ఒక సంఘటన రాసింది. ఆమె పేజీన్నర రాశాక, నేను విడిగా పాఠం చెప్పాల్సిన పని పడలేదు.

మానేరు గారు చెప్పిన కెమెరా మాట ఇక్కడా అంతే. నేను ఎప్పుడూ అడగను.

నాగావళి

మూడు వారాల తర్వాత వస్తున్నాను. అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

మాస్టారూ, లైవ్ క్లాసు వారానికి ఒకటికి తగ్గించాను, అది కూడా అరగంటే. మిగతాది ఆడియో. మొదటి ఆడియో ఎనిమిది నిమిషాలకి కుదించడానికి నాకు ఐదు గంటలు పట్టింది. ఏది తీసేయాలో తేల్చుకోవడానికి ముందు, నాకే ఏది స్పష్టంగా తెలియదో తేల్చుకోవాల్సి వచ్చింది.

గ్రూపులు చేశాను. 12లో ఏడు బాగా నడుస్తున్నాయి, మూడు కుంటుతున్నాయి, రెండింటిలో ఇప్పటికీ చలనం లేదు. "అవును, నేనన్నది ఇదే" అనే మెట్టు దగ్గర పెద్ద పేచీలు వస్తున్నాయి. ఒక అబ్బాయి వరుసగా నాలుగుసార్లు "కాదు, నేనలా అనలేదు" అన్నాడు. ఐదోసారి, "నేనన్నది ఇదే కానీ, ఇలా వింటుంటే నాకే తప్పనిపిస్తోంది" అన్నాడు. నేను ఒక్క మాట మాట్లాడలేదు ఆ గ్రూపులో.

మానేరు గారూ, మీ పోస్టు చదివిన రోజే గ్రూపులో రాశాను, కెమెరా ఎవరూ పెట్టక్కర్లేదు, అటెండెన్స్‌కి దానికీ సంబంధం లేదు అని. ఆ రాత్రి ఇద్దరు విడిగా మెసేజ్ పెట్టారు, థాంక్స్ మేడమ్ అని. అంతకుముందు ఆ ఇద్దరి పేర్లూ నాకు లిస్టులో తప్ప తెలియవు.

కాల్స్ ఇప్పటికి 31 అయ్యాయి. ఐదు నిమిషాల్లో ఒక్కటీ ముగియడం లేదు, పన్నెండు పదమూడు నిమిషాలు అవుతున్నాయి. మాస్టారి లెక్క నా విషయంలో తప్పింది, ఆ సమయం ఎక్కణ్నుంచి తేవాలో ఇంకా చూసుకోవాలి. కానీ మానడం లేదు. పార్వతీపురం దగ్గర నుంచి ఒక అమ్మాయి, మొదటి అసైన్‌మెంట్‌లో యంత్రం రాసింది అతికించిన ముప్పై మందిలో ఒకరు. "ఏ వాక్యం తీసేస్తే కూలిపోతుంది?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఫోనులో వెనక కోళ్లు వినపడుతున్నాయి. నేనూ ఊరుకున్నాను. ఈసారి నెట్ పోయిందా అని తను అడగలేదు. చివరికి, "మేడమ్, ఏది తీసినా ఏం కాదు. ఇందులో వాదనే లేదు" అంది. వారం తర్వాత చేత్తో రాసి ఫోటో తీసి పంపింది. పదకొండు లైన్లు.

ధర్మోత్తరుడి ఈగల ప్రశ్న నిన్న వేశాను. రేపు ఉదయం ఏడింటికి ఒక అబ్బాయితో కాల్ ఉంది. అతను రాసిన వాక్యం ఇది: "మా ఊరి రైస్ మిల్లు వైపు పొగ లేవడం చూశాను, కాబట్టి మిల్లు నడుస్తోందని నాకు తెలుసు." ఇందులో ఏ మాట పట్టుకుని అడిగితే బాగుంటుంది? నేను "తెలుసు" దగ్గర మొదలుపెడదామనుకుంటున్నాను.

మానేరు

"తెలుసు" కాదు మేడం, "పొగ" కాడ అడుగుండ్రి. నేను మిల్లు పక్కనే పెరిగిన. మిల్లు బంద్ ఉన్నప్పుడు గూడ, ఊక ట్రాక్టర్ల ఎత్తిపోస్తుంటే దుమ్ము లేస్తది. దూరం కెళ్లి చూస్తే అచ్చం పొగనే.